డాలర్లు నొక్కిన వేలు

బర్మాలో, సంచౌంగ్ పేటలో ఆ సందులోంచి ఎవరు విమానం ఎక్కాలన్నా ముందు మల్లిక వంటింటి గడప తొక్కాల్సిందే. వీసా ఎవరైనా ఇవ్వొచ్చు గానీ, పైదేశంలో కార్డు ఎలా వాడాలో చెప్పి పంపేది మాత్రం ఆవిడే. చేపలు తోముతూ చెప్పేది, చింతపండు పిసుకుతూ చెప్పేది. దానికి ఫీజు పుచ్చుకునేది కాదు. ఫీజులంటేనే ఆవిడకి గిట్టదు మరి.

ఈ విద్య పుట్టుకతో రాలేదు, పరాభవంతో వచ్చింది. కొన్నేళ్ళ కిందట అత్తగారైన సింహాచలమ్మ మొక్కు తీర్చడానికి ఇంటిల్లిపాదీ విశాఖపట్నం బయల్దేరారు. దారిలో బ్యాంకాక్‌లో విమానం మారాలి. అక్కడ డబ్బు తీసే మిషను మల్లికని మహా మర్యాదగా అడిగింది: అమ్మా, మీ కార్డు డాలర్లది, మా దేశం డబ్బు బాత్‌లు మీకేం అర్థమవుతాయి, మేమే డాలర్లలోకి లెక్క కట్టి పెట్టమంటారా అని. బి.ఏ. చదివిన మనిషి, అంత మర్యాదని కాదనలేక అవునని నొక్కింది. అలా అర్థమయ్యేలా చెప్పినందుకు ఆ మిషను పట్టుకుపోయిన సొమ్ముతో ఇంట్లో అందరూ కడుపునిండా రొయ్యలు తినొచ్చని తరవాత తెలిసింది. ఇంటికొచ్చాక బ్యాంకు వాళ్ళిచ్చిన సన్నక్షరాల పుస్తకాన్ని భూతద్దం పెట్టుకుని చదివింది. కాలేజీ పరీక్షలకి కూడా అంత భక్తిగా చదవలేదు.

"ఓలె మల్లికా, కూతురు పురిటికని కౌలాలంపూరు ఎల్తన్నాను గదా, ఈ కార్డుని ఏటి సెయ్యాల?" అని రెండిళ్ళ అవతలి అప్పలనరసమ్మ వచ్చి పీట వేసుకునేది.

"ఏటీ సెయ్యకొదినా. మిషను డాలర్లంటాది, నువ్వు వొద్దను. ఆ ఊరి డబ్బులే అడుగు. ముక్కలు ముక్కలుగా తియ్యకు, తీసినప్పుడల్లా ఫీజు గుంజుతాది. ఒక్కసారే తీసీసి జాకెట్లో దాసుకో."

"జాకెట్లో దాసుకుంటే దానికి ఫీజు నేదు గదా?"

"నువ్వు పుచ్చుకోకపోతే నేదు."

పక్కనే కూర్చుని పళ్ళన్నీ బయటపెట్టి నవ్వేది దేవి. మల్లికకి ఒక్కతే కూతురు, నర్సు చదువు చదువుతోంది. తల్లి చెప్పిన దేనికీ తల ఊపిన పాపాన పోలేదు. జడ వేసుకోమంటే కత్తిరించుకుంది. గొడుగు పట్టుకెళ్ళమంటే తడిసి వచ్చింది. "నీ పాఠాలు నా సెవికెక్కవమ్మా, నాకు పైదేశం ఎల్లే యోగం నేదు," అనేది.

ఆ ఫిబ్రవరిలో ఒకరోజు పొద్దున్న లేచేసరికి ఫోన్లు మూగబోయాయి. బ్యాంకులు తలుపులు మూశాయి. దేశం సైన్యం చేతిలోకి వెళ్ళిపోయింది. సాయంత్రమయ్యేసరికి ఊరంతా కిటికీల్లో నిలబడి గిన్నెలు మోగించడం మొదలుపెట్టింది, దయ్యాన్ని తరిమినట్టు. సింహాచలమ్మ ఇత్తడి బిందెని అట్లకాడతో కొట్టి కొట్టి సొట్టలు పెట్టింది. సిపాయిలు ఆడవాళ్ళ లుంగీల కింద నుంచి నడిస్తే మగతనం పోతుందని భయపడతారట. అందుకని సందు మొగలో తాడు కట్టి ఆరేస్తుంటే, ఆవిడ తన పాత లంగా కూడా తీసుకెళ్ళి ఇచ్చింది. "నాది మరీ పాతది బావూ, ఈ దెబ్బకి వాడి తాతకి కూడా పోతాది," అని ఆశీర్వదించింది.

దేవి తెల్లకోటు వేసుకుని, ప్లాస్టిక్ హెల్మెట్ పెట్టుకుని, గాయపడిన వాళ్ళకి కట్లు కట్టడానికి వెళ్ళేది. మార్చిలో సంచౌంగ్ వీధులన్నీ మూసేసి సిపాయిలు ఇల్లిల్లూ వెతికారు. దేవి ఎవరో తెలియని ముసలాయన ఇంట్లో, బియ్యం బస్తాల వెనకాల దాక్కుని బయటపడింది. మర్నాడు ఇల్లు చేరేసరికి అప్పటికే ఎవరో ఆమె ఫోటో వార్డు ఆఫీసులో ఇచ్చేశారు. ఇంక ఈ ఊళ్ళో ఉండడానికి లేదు. థాయ్‌లాండ్ సరిహద్దుకి వెళ్ళే లారీ ఒకటి దొరికింది. నది దాటితే అవతల థాయ్‌ల ఊరు మేసోట్.

మల్లిక కూతురి చేతిలో చిన్న పొట్లం పెట్టింది.

"ఇదేటమ్మా?"

"కార్డు. నగదు పట్టుకెల్తే దార్లో తీసీసుకుంటారు. నెలసరి గుడ్డల పేకెట్టులో కుట్టీసినాను. ఏ సిపాయీ సెయ్యి పెట్టని చోటు అదొక్కటే."

"ఓలమ్మ, సైన్యాన్ని నీకప్పగించీవలసింది."

"నవ్వకు, విను. ఫోను సెయ్యకు. నువ్వు సేస్తే మమ్మల్ని పట్టుకుంటారు, నాను సేస్తే నిన్ను పట్టుకుంటారు. నువ్వు డబ్బు తీస్తే బేంకోడు నాకు మెసేజు పెడతాడు. ఏ ఊర్లో తీసినావో అందులోనే ఉంటాది. అదే నీ ఉత్తరం అనుకుంటాను."

దేవి తల్లి వంక చూసింది. అప్పుడు నవ్వలేదు.

ఏదో ఒకటి మాట్లాడకపోతే ఏడుపొస్తుందని మల్లిక నోటికి అలవాటైన మాటలే అంది. "డాలర్లు నొక్కకు. బాత్‌లే. ముక్కలుగా తియ్యకు, ఒక్కసారే తీసీ. ఫీజు దండగ."

"సరేనమ్మా," అంది దేవి. ఇరవై రెండేళ్ళలో ఆ పిల్ల నోట ఆ మాట అదే మొదటిసారి.

ఆ సాయంత్రం బియ్యం కడుగుతూ కడుగుతూ మల్లిక చెయ్యి ఆగిపోయింది. సేక్కాన్ రేవులో సరుకుల లెక్క రాసే ఆవిడ భర్త ధనరాజ్ అప్పుడే చొక్కా విప్పి కొక్కేనికి తగిలిస్తున్నాడు. పేరులో ఉన్న ధనాన్ని పేరులోనే ఉంచుకున్న నెమ్మదైన మనిషి.

"ఏటైంది మల్లీ?"

"ఒక్కసారే తియ్యమన్నానండి."

"మంచిదే గదా. ఎప్పుడూ సెప్పేదే."

"ఒక్కసారే తీస్తే ఒక్క మెసేజే గదా వస్తాది."

ధనరాజ్ పీట మీద కూర్చుండిపోయాడు. "నీ మాట అదెప్పుడిన్నాది గనక," అన్నాడు.

"అవును. ఎప్పుడూ ఇన్లేదు."

"పది ముక్కలు సేసి తీస్తాది సూడు. నిన్ను ఏడిపించడానికైనా."

కూతురి మొండితనం గురించి ఆ ఇంట్లో అంత ఆశగా మాట్లాడుకోవడం అదే మొదలు.

ఇంటర్నెట్టు పీకేశారు. గిన్నెలు మోగించిన ఇళ్ళ కిటికీలకి రాళ్ళు పడుతున్నాయి. ఊళ్ళో పనిచేసేది ఫోనులో వచ్చే పొట్టి సందేశాలొక్కటే. మల్లిక ఫోనుని కొంగుకి ముడేసుకుని తిరిగేది. బియ్యం బస్తా మీద తగ్గింపు అని ఎవడో పంపిస్తే గుండె జారేది, వాడి ఏడు తరాలనీ తిట్టేది.

కొత్త సంవత్సరం నీళ్ళ పండగ ఎవరూ నీళ్ళు చల్లుకోకుండానే వెళ్ళిపోయాక, ఒక మధ్యాహ్నం మెసేజు వచ్చింది. మేసోట్. బాత్‌లలో. కార్డులో ఉన్నదంతా ఒక్కసారే, చిల్లర మిగల్చకుండా.

మల్లిక కూరగిన్నె మీద మూత పెట్టబోయి అత్తగారి నెత్తిన పెట్టినంత పని చేసింది. సింహాచలమ్మ వెంకన్నకీ, అప్పన్నకీ, ష్వేడగోన్ బంగారు గోపురానికీ ఎవరికీ తక్కువ కాకుండా దణ్ణాలు పెట్టింది. "ఏటి రాసింది? సదువు."

"నది దాటీసినాను, బాగున్నాను, మామ్మని అడిగానని సెప్పు అని రాసింది అత్తా."

"బేంకోడు ఎంత మంచోడే. అంతా సక్కగా రాసినాడు."

ఆ రోజు ధనరాజ్ రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. తిని, చెయ్యి కడుక్కుని, గోడ వంక చూస్తూ, "విన్నాది," అన్నాడు. "ఇన్నాళ్ళకి ఒక్క మాట విన్నాది."

మల్లిక ఎంగిలి కంచాలు తీసింది. కార్డు ఖాళీ. ఖాళీ కార్డు ఉత్తరాలు రాయదు.

ఆవిడ అప్పుడొక నిర్ణయానికొచ్చింది. కార్డులో మళ్ళీ డబ్బు వెయ్యాలి. కొంచెమైనా సరే.

"ఏస్తే మాత్రం దానికెలా తెలస్తాది?" అన్నాడు ధనరాజ్. "ఖాళీ అనుకుని ఏ తుప్పల్లోనో పారేసుంటాది."

"పారెయ్యదు. నాను ఏస్తానని దానికి తెలుసు."

"నీకెలా తెలుసు?"

"నాకు తెలుసని దానికి తెలుసు," అని లేచిపోయింది. ఇంకా వాదిస్తే ధనరాజ్‌కి మతి పోయేది.

వెయ్యడం మాత్రం మాటలు కాదు. బ్యాంకు ఉద్యోగులు సగం మంది సైన్యం కింద పనిచేసేది లేదని ఇళ్ళలో కూర్చున్నారు. తెరిచిన బ్యాంకు ముందు తెల్లవారకముందే వరస. అక్కడికి చేరినా, డాలర్లు లేవమ్మా, జబ్బు మనిషుంటేనే వేస్తాం అన్నారు. కూతురు మేసోట్‌లో ఉందంటే ఇంటికి సైన్యం జీపొస్తుంది. అంచేత మల్లిక ధనరాజ్‌కి కిడ్నీ జబ్బు తెప్పించింది. బ్యాంకాక్‌లో చూపించాలని చెప్పింది. మర్నాడు ఆయన్ని కూడా తీసుకెళ్ళింది.

"కొంచెం ఒంగి నడవండి."

"కిడ్నీకి ఒంగుతారేటి?"

"మీరు ఒంగండి. ఏ జబ్బుకి ఒంగుతారో వాళ్ళకేటి తెలుసు."

కౌంటరు వెనకాల మ తీడా అని ఒక అమ్మాయి, దేవి ఈడుది. అక్కడ చిన్నవాళ్ళ పేరు ముందు మ అనీ, పెద్దావిడల పేరు ముందు డా అనీ పెట్టి పిలుస్తారు. ధనరాజ్‌ని చూసింది, ఆయన నిక్షేపంలాంటి ముఖాన్ని చూసింది. కార్డు చివరిసారి ఏ ఊళ్ళో వాడారో కంప్యూటరులో చూసింది. మల్లిక కళ్ళలోకి చూసి, గొంతు తగ్గించి, "మీ వారి జబ్బు తొందరగా నయమవ్వాలి డా మల్లికా," అంది. డబ్బు వేసింది.

ఆ తరవాత ఎదురుచూపు. వానలొచ్చాయి. వానలతో పాటు మహమ్మారి వచ్చింది. తిండి లేని ఇళ్ళకి పచ్చగుడ్డ, మందు లేని ఇళ్ళకి తెల్లగుడ్డ వేలాడదీసేవారు. ధనరాజ్ నిజంగానే జబ్బుపడి, నిజంగానే ఒంగి నడిచి, లేచాడు. ఎదురింట్లో ఉండే డా ఖిన్ కొడుకు వార్డు ఆఫీసులో చేరాడు. అప్పట్నుంచి ఆవిడ గుమ్మంలో ఊరికే కూర్చుని ఎవరింటికి ఎవరొస్తున్నారో చూస్తుంటుంది. "మీ దేవి కనిపించడం లేదేం?" అంటే, "మా ఆడపడుచు ఇంట్లో ఉందమ్మా, మండలేలో," అని మల్లిక చెప్పింది. మండలేలోనే కాదు, ఎక్కడా ఆవిడకి ఆడపడుచు లేదు.

సింహాచలమ్మ రోజూ సాయంత్రం ఆ పాత మెసేజు చదివించుకునేది. మల్లిక రోజుకో కొత్త మాట చేర్చి చదివేది. జ్వరం తగ్గింది. జుట్టు పెంచుతున్నాను. ఇక్కడ చింతచిగురు దొరుకుతోంది.

వానలు వెళ్ళాయి. దీపాల పండగ చీకట్లోనే వెళ్ళింది. చలి మొదలైన రోజుల్లో, ఒక ఉదయం కొంగుకి కట్టిన ఫోను కదిలింది. మేసోట్. కాసేపటికి మళ్ళీ కదిలింది. మధ్యాహ్నానికి మూడోసారి. ముక్కలు ముక్కలుగా, కొంచెం కొంచెంగా.

కబురందుకుని ధనరాజ్ రేవు నుంచి పరుగెత్తుకొచ్చినట్టు వచ్చాడు. మూడూ చూశాడు. కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ పెద్దగా నవ్వాడు. "సూసినావా? బుద్దొచ్చింది! నువ్వు ఎదురుసూస్తన్నావని తెలుసుకున్నాది. ఒకటి నీకు, ఒకటి నాకు, ఒకటి మామ్మకి. ఫీజు పోతే పోనీ మల్లీ, ఈ ఒక్కసారికి తిట్టకు దాన్ని."

"తిట్టను," అంది మల్లిక.

ఆయన వీధి చివరికెళ్ళి రవ్వ కేకు కొనుక్కొచ్చాడు. తల్లికి తినిపించాడు. సింహాచలమ్మ బోసినోటితో తింటూ, ఈ బేంకోడికి పెళ్ళి కాకపోతే మన దేవికి చేసేద్దామంది.

మల్లిక వంటింట్లోకి వెళ్ళి మూడు మెసేజులూ మళ్ళీ చూసింది. మూడింట్లోనూ డాలర్లే. బాత్‌ అన్న మాటే లేదు. మిషను మర్యాదగా అడిగితే ఎవరో అవునన్నారు, మూడుసార్లూ అన్నారు.

ఆ వేలు దేవిది కాదు.

కార్డు పోయి ఉండొచ్చు. ఎవరో లాక్కుని ఉండొచ్చు. కానీ రహస్య నంబరు? అది దేవి చెబితేనే తెలియాలి. ఎవరికి చెప్పింది? ఎందుకు చెప్పాల్సి వచ్చింది? మల్లిక ఆ ప్రశ్నలతో పాటు కూరలు తరిగింది, అన్నం వార్చింది. గది అవతల తల్లీ కొడుకులు నవ్వుకుంటున్నారు. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో. ఆవిడ లోపలికి వెళ్ళి తన వంతు కేకు ముక్క కూడా తినేసింది. ఇసకలా ఉంది.

వారం తిరగకుండా ఫోను మోగింది. తెలియని నంబరు, పైదేశంది. ధనరాజ్ పనిలో ఉన్నాడు, సింహాచలమ్మ ఎండలో కునుకుతోంది. మల్లిక నీళ్ళగది తలుపేసుకుని ఎత్తింది. అవతల ఒక ఆడపిల్ల, బర్మా భాషలో, భయపడుతూ.

"అమ్మా, నా పేరు మ సాన్. దేవి అక్కతో ఉండేదాన్ని. కార్డు నా దగ్గరుంది. మీ నంబరు అక్కే ఇచ్చింది."

మల్లిక అడగాల్సింది ఒకటే. ఆ ఒక్కటీ నోట రాలేదు. దాని బదులు వేరేది వచ్చింది.

"డాలర్లు ఎందుకు నొక్కావు?"

"ఏమిటమ్మా?"

"మిషను అడుగుతుంది. వద్దనాలి. బాత్‌లు అనాలి. అది చెప్పలేదా నీకు?"

"చెప్పింది. చెప్పిందమ్మా, చాలాసార్లు చెప్పింది. నా పాపకి జ్వరం. కంగారులో ఏదో నొక్కేశాను." ఆ పిల్ల ఏడవడం మొదలుపెట్టింది. "ముక్కలుగా తియ్యొద్దని కూడా చెప్పింది. అంత డబ్బు ఒక్కసారి తియ్యడానికి మనసొప్పలేదు. మందుకి కావలసినంత, పాలకి కావలసినంత తీశాను."

మల్లిక బకెట్టు అంచు మీద కూర్చుంది. "ఎప్పుడిచ్చింది కార్డు?"

"వానల్లో. మందులు పట్టుకుని మళ్ళీ నది దాటి బర్మా లోపలికి వెళ్ళింది. అక్కడ దెబ్బలు తగిలిన వాళ్ళున్నారు, నర్సు లేదు. వెళ్ళే ముందు ఇచ్చింది. ఖాళీ కదక్కా అంటే, మా అమ్మ ఖాళీగా ఉంచదు, చూడు అంది."

"తరవాత?"

"వాళ్ళున్న బడి మీద ఫిరంగి గుండు పడిందమ్మా. ఆ గట్టునే పూడ్చారు. చెప్పడానికి నాకు ఫోను లేదు. మొన్న ఈ డబ్బుతోనే ఈ సిమ్ము కొన్నాను. క్షమించండి."

"పాపకి ఎలా ఉంది?" అంది మల్లిక.

"తగ్గిందమ్మా."

"కార్డు నీ దగ్గరే ఉంచు. వేస్తాను," అని పెట్టేసింది.

ధనరాజ్ వచ్చాక చెప్పింది. ఆయన చొక్కా సగం విప్పి అలాగే నిలబడిపోయాడు. ఇద్దరూ కలిసి సింహాచలమ్మకి చెప్పారు. ముసలావిడ ముందు అర్థం కానట్టు చూసింది. తరవాత గుండె మీద కొట్టుకోడానికి చెయ్యెత్తి, నోరు తెరిచింది.

ధనరాజ్ గబుక్కున తల్లి నోటికి చెయ్యి అడ్డం పెట్టాడు. "అమ్మా, వొద్దే. ఎదరింట్లో డా ఖిన్ ఉన్నాది. పిల్ల అక్కడ సచ్చిపోయిందని తెలిస్తే రేపు మనల్ని పట్టుకుపోతారు."

ఆవిడ కొడుకు చెయ్యి తోసేసింది. గుసగుసగానే అంది, కానీ ఆ గుసగుస అరుపు కన్నా భయంగా ఉంది. "నా మనవరాలు పోతే నాను నోరు మూసుకోవాలేటి? కుక్క సచ్చిపోయినా ఏడుస్తారు గదరా. ఏడవకుండా పంపిస్తామేటి దాన్ని?"

మల్లిక వాళ్ళిద్దరినీ చూసింది. ముఖం కడుక్కుంది. జుట్టు దువ్వుకుని, గడప దాటి, సందుకి అడ్డంపడి డా ఖిన్ దగ్గరికి వెళ్ళింది.

"మా ఇంట్లో గోల వినిపిస్తుంది, ఏమీ అనుకోకండి. ఇండియాలో మా అత్తగారి అక్క పోయిందని కబురొచ్చింది."

"అయ్యో. వయసెంత?"

"తొంభై రెండు."

"మంచి వయసే."

"మంచి వయసే. కానీ మా వాళ్ళలో గట్టిగా ఏడవకపోతే పోయినవాళ్ళకి దారి కనపడదు. వరసగా మూడు రోజులు ఏడవాలి." ఆ ఆచారం ఆవిడ సందు దాటేలోగా పుట్టించింది.

"ఏడవండి, ఏడవండి," అంది డా ఖిన్ జాలిగా.

ఇంటికొచ్చి అత్తగారి ముందు కూర్చుంది. "అత్తా, నీ అక్క పోయింది. ఏడువు. డా ఖిన్‌కి తెలుగు రాదు. ఏదైనా అనొచ్చు. దాని పేరొక్కటే అనకూడదు."

సింహాచలమ్మకి అక్క లేదు. ఆవిడ కోడలి ముఖంలోకి చూసింది, చూసి, ఎత్తుకుంది.

"ఓలమ్మో నా తల్లో! అందరికీ కట్లు కట్టిన సెయ్యే నీది, నీకు కట్టు కట్టినోలు ఎవలూ నేకపోయిరే! నది గట్టున పడుకున్నావా నా బంగారో, నీ మామ్మని ఇడిసీసి నువ్వెలా పడుకున్నావే!"

సందంతా వచ్చింది. డా ఖిన్ అరటిపళ్ళ హస్తం తెచ్చి చాప మీద పెట్టి, "తొంభై రెండేళ్ళ అక్క కోసం ఇంత ఏడుపా, ఎంత ప్రేమో," అని పక్కావిడతో అంది. ఆవిడేమంటున్నారని ధనరాజ్‌ని అడిగింది. "చిన్నప్పుడు కలిసి ఆడుకున్నవి చెప్తోంది," అన్నాడు ధనరాజ్, గోడ వైపు తిరిగి.

అప్పలనరసమ్మ ఆలస్యంగా వచ్చింది. యాభై ఏళ్ళుగా సింహాచలమ్మని ఎరిగిన మనిషి. లేని అక్క ఎలా పోయిందో అడుగుదామని గుమ్మంలోనే నోరు తెరిచింది. లోపల్నించి మాటలు వినిపించాయి. తెల్లకోటు. కత్తిరించిన జడ. కట్టుకోని పెళ్ళి చీర. ఆవిడ తెరిచిన నోరు అలాగే ఉంచి మల్లిక వైపు చూసింది. మల్లిక టీ కప్పులు పంచుతోంది.

అప్పలనరసమ్మ వచ్చి సింహాచలమ్మ మెడ చుట్టూ చెయ్యేసి కూర్చుంది. "నా ఒళ్ళో పెరిగినావే తల్లో," అని రెండో గొంతు కలిపింది. "నా జాకెట్టు సూసి నవ్వినావే, ఆ నవ్వెక్కడ దాసినావే!"

మల్లిక పళ్ళెం కింద పెట్టింది. ఇందాకటినుంచీ ఇంటికొచ్చిన వాళ్ళని కూర్చోబెట్టింది, టీలు కాచింది, ఎవరడిగినా తొంభై రెండు అని చెప్పింది. ఇప్పుడు ఇంక చెప్పాల్సిన వాళ్ళెవరూ మిగల్లేదు. వాళ్ళిద్దరి మధ్య చోటు చేసుకుని కూర్చుంది. పేరు పెట్టి పిలవకుండా కూతుర్ని ఎలా ఏడవాలో ఆవిడకి తెలియలేదు. నోరు తెరిస్తే మాట రాలేదు, గొంతొక్కటే వచ్చింది. అది వచ్చాక ఆగలేదు.

డా ఖిన్ లేచి వచ్చి, వెనక కూర్చుని, ఆవిడ వీపు నిమురుతూ ఉంది. మల్లిక ఆ చెయ్యిని తొయ్యలేదు.